అప్రెంటిస్ ఏడాది: మన్యం నుంచి దిగే పిల్లలకు

అరకు ఐటీఐ నుంచో, పాడేరు మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్ నుంచో బయటికొచ్చిన పిల్లల్ని అప్రెంటిస్ గురించి అడిగితే రెండు మాటలు వినిపిస్తాయి. చేరితే చాలు, ఏడాది తిరిగేసరికి పర్మినెంట్ చేసేస్తారని కొందరి నమ్మకం. అదంతా తక్కువ డబ్బుకు చాకిరీ చేయించుకునే ఏర్పాటని మరికొందరి అనుమానం. మొదటి మాట నమ్ముకుని వెళ్లినవాళ్లు ఏడాది చివర కుంగిపోతున్నారు. రెండో మాట పట్టుకున్నవాళ్లు మూడో నెలలోనే బండెక్కి ఊరికి వచ్చేస్తున్నారు. మధ్యలో నష్టపోతున్నది ఒక ఏడాది. అలాంటి ఏడాది మళ్లీ దొరకడం కష్టం కూడా. పెద్ద ప్రభుత్వరంగ సంస్థల అప్రెంటిస్ ప్రకటనలు తీసి చూడండి. ఇదివరకే అప్రెంటిస్ చేసినవాళ్లు, ప్రస్తుతం చేస్తున్నవాళ్లు అర్హులు కారని దాదాపు ప్రతి ప్రకటనలోనూ ఒక వాక్యం ఉంటుంది. అందుకే ఎక్కడ చేరాలి, చేరాక ఎలా నిలబడాలి, ఏడాది చివర చేతిలో ఏం ఉండాలి అన్నది కొండ దిగకముందే తెలుసుకోవాలి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. ఐటీఐలో పాఠాలు చెప్పేవాళ్లు కూడా దీన్ని వివరంగా చెప్పరు. అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. 1973 సవరణతో డిప్లొమా, డిగ్రీ ఇంజనీర్లను కూడా అందులో చేర్చారు. 2019లో నిబంధనలు మార్చాక, 30 మంది గాని అంతకంటే ఎక్కువ గాని పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బంది లెక్కలో కనీసం 2.5 శాతం, ఎక్కువలో ఎక్కువ 15 శాతం మంది అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాల్లో రిజర్వేషన్ ఇవ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. కాబట్టి గేటు ముందు నిలబడ్డప్పుడు ఎవరో దయతలచి లోపలికి రానిస్తున్నారని అనుకోకండి. మిమ్మల్ని తీసుకోవడం వాళ్లు చట్టప్రకారం చేయాల్సిన పని.

అదే చట్టంలో మనకు రుచించని సంగతులు కూడా ఉన్నాయి. అప్రెంటిస్ శిక్షణలో ఉన్న మనిషే తప్ప కార్మికుడు కాడని 18వ సెక్షన్ చెబుతుంది. అందువల్ల పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ కార్డు రాదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం కూడా యజమానికి లేదు. ఈ ముక్క ఇంట్లో అమ్మానాన్నలకు ముందే చెప్పండి. లేకపోతే ‘ఏడాదైంది, ఇంకా పర్మినెంట్ కాలేదా’ అన్న ప్రశ్న ప్రతి పండక్కీ ఎదురవుతుంది.

డబ్బు సంగతి. 2019 నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండు ఐటీఐ చేసినవాళ్లకు 7,000, డిప్లొమా వాళ్లకు 8,000, డిగ్రీ ఇంజనీర్లకు 9,000 రూపాయలుగా నిర్ణయించారు. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. మీరు ఒప్పందం మీద సంతకం పెట్టేరోజున కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో ఏ రేటు ఉందో చూసుకుని, కాగితం మీద రాసిన అంకె దానికంటే తక్కువ కాకుండా చూసుకోండి. కొన్ని సంస్థలు కనీసం కంటే ఎక్కువే ఇస్తాయి. ఒక నెల స్టైపెండు మరుసటి నెల 10వ తేదీలోపు అందాలి. ముక్కకింత అని లెక్కగట్టి అప్రెంటిస్‌కు డబ్బివ్వడం, ఉత్పత్తి బోనసు పందెంలోకి అతన్ని లాగడం చట్టం ఒప్పుకోదు. ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వాధికారి, అంటే అప్రెంటిస్‌షిప్ సలహాదారు, అనుమతి లేనిదే ఓవర్‌టైము చేయించకూడదు. ఈ నిబంధనల వెనక ఒకే ఉద్దేశం ఉంది. మీ చేతులు సరుకు తీయడానికి తొందరపడకూడదు, పని నేర్చుకోవడానికి తీరిక ఉండాలి.

ఇక ఎక్కడ చేరాలి? ఏజెన్సీలో ఉద్యోగం అనగానే చాలాకాలం మాస్టారి ఉద్యోగమే గుర్తొచ్చేది. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేశాక ఆ దారి ఇరుకైంది. ఇంజనీరింగ్ పని మాత్రం ఈ కొండలకు కొత్తది కాదు. జలపుట్ జలాశయం నీళ్లతో నడిచే మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు ఇస్తోంది. సీలేరు మీద ఎగువన 240, దిగువన 460 మెగావాట్ల కేంద్రాలున్నాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలుమార్గం వేశారు. బొర్రా, కరకవలస, శిమిలిగూడ, అరకు స్టేషన్ల మీదుగా వెళ్లే ఆ గూడ్సు బళ్ల చప్పుడు వింటూ పెరిగినవాళ్లే మీలో చాలామంది. ఆ ఇంజన్లను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించే షెడ్లు విశాఖలో ఉన్నాయి. అక్కడ అప్రెంటిస్‌లను తీసుకుంటారు.

విశాఖలో మీకు ముఖ్యంగా కనిపించేవి వాల్తేరు రైల్వే షెడ్లు, నేవల్ డాక్‌యార్డు, హిందుస్థాన్ షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, బీహెచ్ఈఎల్ హెవీ ప్లేట్స్. వీటిలో ఎంపిక పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. ఆ తేడా తెలియక చాలామంది దెబ్బతింటున్నారు. రైల్వేలో సాధారణంగా రాతపరీక్ష ఉండదు. పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి వరస కడతారు. డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూల్లో రాతపరీక్ష ఉంటుంది, లెక్కలు, సామాన్యశాస్త్రం, జనరల్ నాలెడ్జి అడుగుతారు. పదిలో మార్కులు బాగా వచ్చినవాళ్లు రైల్వేకు తప్పకుండా పెట్టండి. పదిలో వెనకబడి, ఐటీఐలో కుదురుకున్నవాళ్లు నాలుగు నెలలు లెక్కల పుస్తకం తీసి డాక్‌యార్డు పరీక్షకు కూర్చోవడం మేలు. భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తులు, వైశాల్యాలు చేతికి రావాలి. షాపులోకి వెళ్లాక కూడా రోజూ పనికొచ్చేవి అవే.

రైల్వేకు ఇంకో లాభం ఉంది. రైల్వే సంస్థల్లో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం కేటాయిస్తారు. పరీక్ష రాసి అర్హత తెచ్చుకోవాలి, ఊరికే రాదు. అయినా పోటీ తక్కువమందితో ఉంటుంది. డిప్లొమా, బీటెక్ పిల్లలది వేరే దారి. నాట్స్ అనే జాతీయ పథకం పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి. దక్షిణాది వ్యవహారాలను చెన్నై తరమణిలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది.

అరకు వాళ్లు మరిచిపోతున్న దిక్కు ఒకటుంది. చూపంతా విశాఖ వైపే తిప్పుతారు గాని, అదే రైల్లో ఎదురు దిశలో వెళితే ఒడిశాలోని కోరాపుట్ వస్తుంది. ఆ పక్కన సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ల కర్మాగారం ఉంది, మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల కోసం 1960లలో పెట్టినది. దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా రిఫైనరీ ఉంది. అరకు, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు వైపు ఇళ్లలో ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు అక్కడి సూపర్‌వైజరు మాట అర్థం చేసుకోవడం విశాఖ పిల్లల కంటే సులువు. ఇంటి భాష పనికిరాదని బళ్లో విని విని నోరు నొక్కుకున్నవాళ్లకు ఇది చెప్పి తీరాలి: ఆ భాష మీకు ఒక రాష్ట్రం ఎక్కువ ఇచ్చింది.

చేరేముందు ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. ‘ట్రైనీగా తీసుకుంటాం, తర్వాత చూద్దాం’ అని చెప్పే చిన్న కంపెనీలు, లేబరు కాంట్రాక్టర్లు సంతల దాకా వస్తున్నారు. ట్రైనీ అన్న మాటకు ఏ రక్షణా లేదు. అప్రెంటిస్ అంటే మీకూ యజమానికీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో నమోదు కావాలి, మీకు ఒక నంబరు రావాలి. మీకు 18 ఏళ్లు నిండకపోతే తల్లో, తండ్రో, సంరక్షకుడో సంతకం పెట్టాలి. ఆ నంబరు లేకుండా ఏడాది పనిచేస్తే చివర జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే మీరు చేసిందంతా రికార్డుల్లో లేనట్టే. ఒప్పందం కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి ఊళ్లో ఉంచండి. ఫోనులో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు కథ. షాపులో మొదటి మూడు నెలలు.

ఎవరూ ఏమీ నేర్పడం లేదనిపిస్తుంది. ఫిట్టరైతే ఒక ఇనుప ముక్క, ఆకురాయి ఇచ్చి బెంచి వైసు దగ్గర నిలబెడతారు. ఉదయం నుంచి సాయంత్రం దాకా రుద్దడమే. మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే సన్నని గీతలా వెలుగు కనిపిస్తుంది. అంటే ఇంకా చదును కాలేదు. మళ్లీ రుద్దాలి. వెర్నియరు 0.02 మిల్లీమీటరు తేడాను చూపిస్తుంది, మైక్రోమీటరు 0.01 చూపిస్తుంది. ఆ తేడా మొదట మీ చేతికి తెలియదు. నెల తర్వాత తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్ అయితే కేబుళ్లు మోయడం, టెర్మినళ్లు విప్పడం, మెగ్గరు పట్టుకుని రీడింగు చెప్పడం. మెకానిక్ డీజిల్ అయితే మసిగుడ్డ, కిరసనాయిలు, విప్పిన భాగాలు కడిగి వరసలో పేర్చడం. ‘ఐటీఐలో రెండేళ్లు చదివింది ఇందుకా’ అనిపించి ఈ నెలల్లోనే చాలామంది వెళ్లిపోతారు.

కానీ నేర్పు ఇలాగే పడుతుంది, మన కొండల్లోనూ ఇలాగే పడుతూ వచ్చింది. కొండ కమ్మరి ఇంట్లో పిల్లవాడికి మొదటిరోజే సుత్తి ఇవ్వరు. ముందు కొలిమి తిత్తి లాగిస్తారు. తిత్తి లాగుతూ లాగుతూ వాడు ఇనుము రంగు చూస్తాడు. ఎంత ఎరుపుకు దెబ్బ వేయాలి, ఎప్పుడు నీళ్లలో ముంచాలి అన్నది చెప్పకుండానే కంటికి అలవాటవుతుంది. ఉలికి పదును పట్టేటప్పుడు గీకి తెల్లబరిచిన అంచు మీద ముందు గడ్డిపసుపు రంగు, తర్వాత ఊదా, తర్వాత నీలం పాకుతాయి. ఏ రంగు దగ్గర ఆపాలో తెలిస్తేనే ఉలి విరగకుండా, మొద్దుబారకుండా ఉంటుంది. ఇదే సంగతి మీ ఐటీఐ పుస్తకంలో టెంపరింగ్ అన్న పాఠంలో ఉంది. పుస్తకం చదివి పరీక్ష రాసినవాడి కంటే కొలిమి దగ్గర కూర్చున్నవాడికి అది ముందు తెలుసు. భాగాలు కడిగేటప్పుడు కూడా అలాగే చూడండి. ఏ బేరింగు ఎటువైపు అరిగింది? అరుగుదల ఒక పక్కనే ఎందుకుంది? షాఫ్టు వంగిందా, అలైన్‌మెంటు తప్పిందా? మసిగుడ్డతో తుడుస్తూ ఈ ప్రశ్నలు వేసుకునేవాళ్లకు ఆరు నెలల్లో యంత్రం అర్థమవుతుంది. ఊరికే తుడిచేవాళ్లు ఏడాది చివర కూడా తుడుస్తూనే ఉంటారు.

అడగడం దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు. నేను చూసినంతవరకు మన్యం పిల్లల చేతులు గట్టివి, ఓపిక ఎక్కువ, ఎత్తు మీద భయం తక్కువ. నోరు మాత్రం లేవదు. సూపర్‌వైజరు ‘అర్థమైందా’ అంటే తల ఊపేస్తారు. అర్థం కాలేదని చెబితే వెక్కిరిస్తారని భయం. తెలుగు ఇంటి భాష కాని పిల్లలకు ఆ భయం రెట్టింపు. షాపుల్లో మాట సగం తెలుగు, సగం ఇంగ్లీషు, రైల్వేలో హిందీ కూడా. ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకుని కొత్త మాట వినగానే మీకు చేతనైన లిపిలో రాసుకోండి. సాయంత్రం ఒకరిని అడిగి అర్థం పక్కన రాయండి. నెల రోజుల్లో షాపు భాష వచ్చేస్తుంది. అడిగేటప్పుడు కూడా ‘ఇదేంటి సార్’ అని మొత్తంగా అడగొద్దు. ‘గురువుగారూ, ఈ బోల్టు ఇంత దాకే ఎందుకు బిగించాం?’ అని చేతిలో ఉన్న పని మీద అడగండి. పెద్ద అధికారుల్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఫిట్టరు ఒకరు ప్రతి షాపులోనూ ఉంటారు. పొద్దున్నే ఆయన పనిముట్లు సర్ది పెట్టండి, ఆయన పక్కన నిలబడండి, ఆయన చేయి ఎలా కదులుతుందో చూడండి. పని తెలిసినవాడికి అది నేర్చుకునేవాడు దొరకడం కంటే సంతోషం లేదు.

రోజువారీ రికార్డు రాయడం అప్రెంటిస్ బాధ్యతల్లో ఒకటి. చాలామంది నెలాఖరున కూర్చుని పక్కవాడి పుస్తకం చూసి నింపేస్తారు. అలా చేయకండి. ఆ రోజు ఏ యంత్రం, ఏ భాగం, ఏ లోపం, ఏం కొలిచారు, ఎంత వచ్చింది, ఎవరు చేయించారు, ఇవన్నీ నాలుగు వాక్యాల్లో, పక్కన పెన్సిలు బొమ్మతో రాయండి. వారానికోసారి సంతకం పెట్టించుకోండి. ఏడాది తర్వాత ఏ ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో కూర్చున్నా ‘నువ్వేం చేశావు’ అన్నదే మొదటి ప్రశ్న. అందరూ ‘అన్ని పనులూ చేశాను సార్’ అంటారు. మీరు పుస్తకం తెరిచి, ఫలానా పంపు సీలు మార్చిన పేజీ చూపిస్తే మాట్లాడాల్సింది పెద్దగా ఉండదు. ఆ పుస్తకానికి ఇంకో ఉపయోగం ఉంది. మూడు వారాలుగా ఊడవడం, టీలు తేవడం, సామాను మోయడం తప్ప ఏమీ చేయించలేదనుకోండి, ఆ సంగతి తేదీలతో సహా అందులో కనిపిస్తుంది. ముందు శిక్షణ విభాగం ఇన్‌ఛార్జికి మర్యాదగా చూపించండి. ఎక్కువసార్లు అక్కడే పరిష్కారమవుతుంది. కాకపోతే అప్రెంటిస్‌షిప్ సలహాదారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఎవరిని కలవాలో తెలియకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్‌ను అడగండి. విశాఖలో ఉన్నవాళ్లకు కంచరపాలెం ఐటీఐ అందుబాటులో ఉంటుంది. ఒప్పందం మీద తగాదా వస్తే తేల్చాల్సింది ఆ సలహాదారే. ఆయన తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్రెంటిస్‌షిప్ మండలికి వెళ్లవచ్చు.

భద్రత గురించి మాట మెత్తగా చెప్పలేను. విశాఖ, అనకాపల్లి పరిశ్రమల్లో జరిగిన ప్రమాదాలు మనందరికీ తెలుసు. 2020 మే 7న గోపాలపట్నం దగ్గర స్టైరీన్ వాయువు లీకై 12 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడుకు 17 మంది బలయ్యారు. ప్రమాదకర పరిశ్రమల్లో 18 ఏళ్లు నిండనివాళ్లను అప్రెంటిస్‌గా తీసుకోకూడదు. మిగతాచోట్ల 14 ఏళ్లు చాలు. కార్మికుల ఆరోగ్యం, భద్రత, సంక్షేమం కోసం చట్టంలో రాసిన నిబంధనలు అప్రెంటిస్‌లకూ వర్తిస్తాయి. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిది. ‘నువ్వు కార్మికుడివి కాదుగా’ అని ఎవరైనా అంటే నమ్మకండి, 16వ సెక్షన్ మీ కోసమే ఉంది. దెబ్బ చిన్నదైనా ఫస్ట్ ఎయిడ్ రిజిస్టరులో రాయించండి.

కాగితం మీద హక్కు తర్వాత. ముందు ఒళ్లు జాగ్రత్త. రైల్వే తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళితే చాలు. సప్లయి ఆపి, ఎర్తింగు చేసి, పర్మిట్ ఇచ్చాకే పని మొదలవ్వాలి. ఓడ ట్యాంకులోకి, బాయిలరులోకి, ఏ మూసిన తొట్టిలోకైనా గాలి పరీక్ష చేయకుండా దిగొద్దు. లేతు మిషన్ దగ్గర చేతి గ్లవుజులు వేసుకోకూడదు, చుట్టుకుని చేతిని లోపలికి లాగేస్తుంది. గ్రైండింగ్ దగ్గర కళ్లద్దాలు లేకుండా నిలబడొద్దు. మెడలో దండ, చేతికి దారం, కడియం ఉంటే షాపు గేటు దగ్గరే తీసి జేబులో పెట్టుకోండి. దేవుడి దారమైనా సరే. ‘ఐదు నిమిషాల పనేగా’ అని ఎవరైనా తొందరపెడితే, ‘పర్మిట్ వచ్చాక చేస్తాను సార్’ అనండి. ఈ ఒక్క వాక్యం తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో నేర్చుకుని వెళ్లండి.

ఆడపిల్లలకు ఒక మాట. ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియన్ ట్రేడుల్లో మీ సంఖ్య తక్కువే, అందుకే అందరి చూపూ మీ మీదే ఉంటుంది. పనిచేసేచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం అప్రెంటిస్‌లను పేరుపెట్టి చేర్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. చేరిన వారంలోనే కమిటీలో ఎవరున్నారో, ఫోన్ నంబరేమిటో రాసుకోండి. మొహమాటంతో ఊరుకోకండి, మొదటిసారే చెప్పండి. అలాగే మన పిల్లల్ని ‘కొండోళ్లు’ అని ఎగతాళి చేసే నోళ్లు ఇంకా ఉన్నాయి. ఒకటి రెండు మాటలకు మీ పనే జవాబు చెబుతుంది. నలుగురి ముందు కులం, తెగ పేరు పెట్టి అవమానిస్తే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ సంగతి మీకు తెలుసని వాళ్లకు తెలిస్తే చాలావరకు ఆగిపోతుంది.

విశాఖలో బతకడం గురించి రెండు ముక్కలు. అరకు నుంచి రోజూ వెళ్లి రావడం కుదరదు, ఘాట్‌రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైమాట. గిరిజన సంక్షేమ హాస్టళ్లు చదువుకునే పిల్లల కోసం ఉన్నవి, అప్రెంటిస్‌కు అందులో చోటు దొరుకుతుందని లెక్కవేసుకోకండి. నలుగురు కలిసి గది తీసుకుని వండుకుంటేనే ఆ స్టైపెండు సరిపోతుంది. కంచరపాలెం, గాజువాక, మల్కాపురం వైపు ఇప్పటికే ఉంటున్న మన ఊరివాళ్లను ముందే కలవండి. మొదటి స్టైపెండు చేతికి రావడానికి నెల దాటుతుంది, కాబట్టి రెండు నెలల ఖర్చు వెంట తీసుకెళ్లాలి. కాఫీ పళ్ల కోతల డబ్బు గాని, మిరియాల డబ్బు గాని ఇందుకోసం ఇంట్లో విడిగా తీసిపెట్టమనండి. స్టైపెండులో ఇంటికి పంపాలన్న ఒత్తిడి ఉంటుంది. పెద్దలారా, ఆ ఒక్క ఏడాదీ పిల్లల దగ్గర డబ్బు అడగకండి.

పండగలు. చైత్రంలో ఇటుకల పండగ, వేసవిలో పాడేరు మోదకొండమ్మ జాతర. ఊరంతా అడవికి వేటకు పోతుంటే, థింసా ఆడుతుంటే గదిలో కూర్చోవడం కష్టమని నాకు తెలుసు. చెప్పకుండా వెళ్లి పది రోజుల తర్వాత రావడం వల్లే ఎక్కువమంది పేర్లు కొట్టేస్తున్నారు. సంస్థలో అమలయ్యే సెలవులు మీకూ ఉంటాయి. పండగ తేదీ నెల ముందే తెలుస్తుంది, చీటీ రాసి, సంతకం పెట్టించుకుని, మూడు రోజులకు వెళ్లి రండి. మధ్యలో శాశ్వతంగా మానేయాల్సి వస్తే కూడా రాసి ఇచ్చి మానండి. ఊరికే మాయమైతే ఒప్పందం ప్రకారం నష్టపరిహారం అడిగే హక్కు యజమానికి ఉంటుంది. పోర్టల్లో మీ పేరు అక్కడే ఇరుక్కుని ఇంకోచోట చేరడం కూడా కష్టమవుతుంది.

ఏడాది అయ్యాక చివరి పరీక్ష ఎగ్గొట్టకండి. సంస్థలో ఉద్యోగం ఇవ్వడం లేదని తెలిసి చాలామంది చివరి నెలలో ఆసక్తి పోగొట్టుకుంటారు. జాతీయ సర్టిఫికెట్ చేతిలో ఉన్న ఫిట్టరుకు, లేని ఫిట్టరుకు తేడా ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ కనిపిస్తుంది. కొండ మీదికి తిరిగి రావాలనుకున్నా పని ఉంది. కాఫీ పల్పింగ్ యంత్రాలు, సోలారు పంపులు, ఊటనీటి పథకాల పైపులు, గ్రామాల్లో పెరిగిన మోటారు సైకిళ్లు, రెండో రైల్వే లైను పనులు. యంత్రం ఆగితే బాగుచేయడానికి ఎస్.కోట నుంచో విశాఖ నుంచో మనిషి రావాల్సిన పరిస్థితి ఎన్నాళ్లు?

దరఖాస్తు విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే చదివి పక్కన పెట్టకుండా వెంటనే చేయాల్సిన పని అదే. మన ఇంటిపేర్లు ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. కొర్రా, కిల్లో, పాంగి, వంతల, ఏ పేరైనా పదో తరగతి మెమోలో ఒక అక్షరం, ఆధార్‌లో ఇంకో అక్షరం. పుట్టిన తేదీ కూడా చాలామందికి రెండు చోట్లా కలవదు. పోర్టల్లో నమోదు ఆగిపోయేది ఇక్కడే. మార్కులుండి, ఎస్టీ సర్టిఫికెట్ ఉండి, ఈ ఒక్క అక్షరం వల్ల వెనక్కి వచ్చిన పిల్లలున్నారు. ప్రకటన వచ్చాక దిద్దించుకుందామంటే గడువు దాటిపోతుంది. కేంద్ర సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమూనాలో కుల ధ్రువపత్రం కావాలి, అది కూడా ముందే తీసుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతై ఉందో లేదో చూసుకోండి, స్టైపెండులో ప్రభుత్వ వాటా నేరుగా ఆ ఖాతాలోకే వస్తుంది. మీ ఊళ్లో సిగ్నలు లేకపోతే అరకులోనో పాడేరులోనో ఉన్న బంధువు నంబరు రెండోదిగా ఇవ్వండి, పిలుపు వచ్చిన సంగతి మీకు చెప్పే మనిషై ఉండాలి. ఈ వారమే మీ పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం నాలుగూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే రేపే సచివాలయానికి వెళ్లండి.